పరుల వేలిముద్ర

నాయనా, మడకశిర సీమలో యంత్రం ముందు కూర్చున్నవాడా, ఈ మాటలు నీకోసం. నువ్వు గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటువి కావచ్చు. బస్టాండు దగ్గర జిరాక్సు మిషనూ ఆన్‌లైన్ సెంటరూ పెట్టుకున్నవాడివి కావచ్చు. బ్యాంకు మిత్రవో, స్టోరు డీలరువో, కరువు పని దగ్గర సెల్లులో హాజరు ఎక్కించే మేటువో కావచ్చు. ఏ కొలువూ లేక, వీధిలోని ముసలివాళ్ళకు ఫోను చూసిపెట్టే చదువుకున్న పిల్లవాడివైనా సరే, ఈ బోధ నీకూ వర్తిస్తుంది. ఊరి వేలిముద్రలు నీ చేతి మీదుగా పోతున్నాయి. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా ఊరందరి గుట్టూ కరణం చేతిలో ఉండేదనేవారు. ఆయన అడంగల్లో ఉన్నది పొలం విస్తీర్ణం, శిస్తు, పంట, హక్కుదారు పేరు, అంతవరకే. నీకు తెలిసేది అంతకు పదింతలు. అవ్వ ఖాతాలో ఎంతుందో తెలుసు, ఆమె ఏ జబ్బుతో ఆస్పత్రిలో చేరిందో తెలుసు, కోడలి పేరు కార్డులోంచి ఎప్పుడు తీసేశారో తెలుసు. కరణానికి ఊరు భయపడింది. నిన్ను నమ్ముతోంది. నమ్మినవాళ్ళ విషయంలో చేసే తప్పుకు పాపం రెట్టింపని పెద్దలు ఊరికే అనలేదు.

మన నేల సంగతి నీకు వేరే చెప్పనక్కరలేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. అదీ అదనుకు రాదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేసిందంటే ఆ ఏటి బతుకు సర్కారు సొమ్ము మీదికి వాలుతుంది. స్టోరు బియ్యం, పింఛను, కరువు పని కూలి, పంటల బీమా, పీఎం కిసాన్, వీటిలో వేలు పెట్టకుండా చేతికొచ్చేది ఏదో ఒకటి చూపించు. ఆస్తిపాస్తులున్న శ్రీమంతుడు ఏడాది పొడుగునా వేలిముద్ర వెయ్యకుండా దర్జాగా గడిపెయ్యగలడు. అగళిలో, రొళ్ళలో, గుడిబండలో, అమరాపురంలో బీదవాడు నెల తిరిగేసరికి రెండు మూడు చోట్ల వెయ్యాలి. కరువు ఎంత ముదిరితే సర్కారు రిజిస్టర్లలో పేదవాడి వివరాలు అంతగా పెరుగుతాయి. గోప్యత కలిగినవాళ్ళ ముచ్చటని ఎవరైనా నీతో అంటే నమ్మవద్దు. దాచుకోవడానికి తక్కువ ఉన్నవాడి దగ్గరే లోకం ఎక్కువ అడిగి తీసుకుంటోంది.

ఇప్పుడు నీ బల్ల దగ్గరికి వద్దాం. అవ్వ వస్తుంది, "కరువు పని దుడ్డు పడిందేమో చూడప్పా" అంటుంది. చెనిక్కాయలు ఒలిచి ఒలిచి ఆమె వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. అద్దం కింద ఎర్రదీపం వెలుగుతుంది. ఆమె కొంగుతో వేలు తుడిచి పెడుతుంది. మొదటిసారి పడదు, రెండోసారీ పడదు. నువ్వు ఆమె వేలు నీ వేళ్ళతో పట్టి అదిమి పెడతావు. పడుతుంది. ఇక్కడ ఆగు నాయనా. ఆ క్షణంలో తెర మీద ఏముందో నీకు తెలుసు, ఆమెకు తెలియదు. "ఇంకా పడలేదవ్వా, మళ్ళీ ఒకసారి పెట్టు" అని నువ్వంటే ఆమె మళ్ళీ పెడుతుంది. మొదటి మొత్తం ఆమె చేతికి, రెండో మొత్తం నీ జేబుకు. రసీదు ఇవ్వకపోతే అడగదు. బ్యాంకు పంపే మెసేజి బెంగళూరులో కట్టడం పనికి పోయిన మనవడి ఫోనుకు వెళుతుంది, వాడు చూడడు. దేశంలో అనేకచోట్ల ఇలాగే జరిగింది, పట్టుబడ్డవాళ్ళలో అవ్వకు ఎరుకైనవాళ్ళూ ఉన్నారు. దీన్ని చిల్లర చేతివాటం అనుకోవద్దు. పరుల గుర్తింపు చిహ్నాన్ని మోసంగా వాడితే ఐటీ చట్టం 66సీ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. కంప్యూటరు అడ్డం పెట్టుకొని వేరొకరి వేషంలో మోసం చేస్తే 66డీ, అదే శిక్ష. నమ్మకద్రోహానికి, మోసానికి భారతీయ న్యాయ సంహిత వేరే ఉండనే ఉంది. "నేను కంప్యూటరు ముట్టలేదు, సెల్లులోనే చేశాను" అనే సాకు కూడా నీకు మిగల్లేదు. రిలయన్స్ హ్యాండ్‌సెట్ల గుర్తింపు సంఖ్యలు మార్చి టాటా ఇండికామ్‌లోకి తిప్పుతున్నారన్న కేసులో, సెల్‌ఫోను కూడా ఈ చట్టం చెప్పే కంప్యూటరేనని మన హైకోర్టు 2005 జులైలోనే తేల్చింది.

అయితే శిక్ష భయంతో నిజాయితీగా ఉండమని చెప్పడానికి ఇంత మాట అక్కర్లేదు. నీ చేతికొచ్చిన ఆ సమాచారం ఎలాంటి వస్తువో, దాని మీద నీకున్న హక్కు ఎంతో నువ్వు తెలుసుకోవాలి. మనుస్మృతి వ్యాజ్యాలను పద్దెనిమిది రకాలుగా విడదీసి, అప్పు తరువాత రెండో స్థానంలో నిక్షేపాన్ని, అంటే నమ్మి దాచమని ఇచ్చిన సొమ్మును నిలిపింది. యాజ్ఞవల్క్యుడు ఉపనిధి అని ఒక ప్రకరణమే పెట్టాడు. లోపల ఏముందో చెప్పకుండా, మూటగట్టి ముద్రవేసి ఇతరుల చేతికిచ్చినది ఉపనిధి. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో దాన్ని వివరించాడు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ఆ మితాక్షరను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే ఏడువందల ఏళ్ళుగా ఈ ధర్మం మన భాషలో ఉంది. పుచ్చుకున్నవాడు మూట విప్పరాదు. ఇచ్చినట్టే తిరిగి ఇవ్వాలి. యజమాని అనుమతి లేకుండా తన ఇష్టానికి వాడుకుంటే దండన అనుభవించి, వడ్డీతో సహా చెల్లించాలి. ఆ స్మృతులు మనుషులను పుట్టుకతో తూచాయి. ఆ తూకాన్ని మన రాజ్యాంగం అవతల పారేసింది, పారెయ్యవలసిందే. ఉపనిధి న్యాయం మాత్రం వన్నె తగ్గలేదు. అవ్వ నీ యంత్రం మీద పెట్టిన వేలు అలాంటి ముద్రవేసిన మూట. లోపల ఏముందో ఆమెకే తెలియదు.

ఆ పాత ధర్మంలో ఒక సడలింపు ఉంది. రాజు వల్లనో, దైవికంగానో, దొంగల వల్లనో ఉపనిధి పోతే దాచినవాడు తిరిగి ఇవ్వనక్కరలేదు. ఈనాటి చట్టం అంత తేలిగ్గా వదలదు. దొంగ పడ్డాడని చెబితే, నువ్వు తలుపుకు గొళ్ళెం పెట్టావా అని అడుగుతుంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారం దగ్గర పెట్టుకున్నవాళ్ళు సముచితమైన భద్రత కల్పించి తీరాలంటుంది. ఆ విధిని గాలికొదిలిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. నీ సెంటరుకు అంత జరిమానా రాదులే. కానీ నీ కంప్యూటరు పాస్‌వర్డు మానిటరు అంచున చీటీ మీద అంటించి ఉంటే, నీ లాగిన్‌తో నీ బామ్మర్ది పని చేస్తుంటే, అవ్వల ఆధార్ జిరాక్సులు బల్ల కింద అట్టపెట్టెలో పోగుపడి చివరికి పాతకాగితాల వాడి తూకానికి పోతుంటే, నీ తలుపుకూ గొళ్ళెం లేనట్టే. బొరుగులంగడిలో పొట్లం విప్పినప్పుడు ఎవరిదో ఆధార్ కాగితం కనబడితే, అది ఎవరి బల్ల కింది నుంచి వచ్చిందో ఒక్కసారి ఆలోచించు.

అవ్వ తానే ఇచ్చింది కాబట్టి అది ఇక ఆమెది కాదనే వాదం ఒకటి వినిపిస్తుంది. చదువుకున్నవాళ్ళే ఈ వాదం ఎక్కువగా చేస్తారు. దీనికి సమాధానం మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే ఉంది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుల చట్టం 73వ సెక్షనును సవరించింది. కలెక్టరు ఎవరికి అధికారమిస్తే వాళ్ళు ఏ చోటికైనా వెళ్ళి, దస్తావేజులు తిరగేసి, నకళ్ళు రాసుకొని, అవసరమైతే పట్టుకుపోవచ్చని దాని సారాంశం. బ్యాంకుల్లో ఖాతాదారులు పెట్టిన కాగితాల మీదికి కూడా ఆ అధికారం పాకింది. కెనరా బ్యాంకు కోర్టుకు వెళ్ళింది. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2004 నవంబరు 5న ప్రధాన న్యాయమూర్తి లాహోటీ ధర్మాసనం హైకోర్టు మాటే నిలబెట్టింది. గోప్యత మనిషికి చెందింది గానీ చోటుకు చెందింది కాదని ఆ తీర్పు చెప్పింది. కాగితం ఇంట్లో బీరువాలో ఉన్నా, నమ్మి ఇచ్చిన బ్యాంకులో ఉన్నా, అందులోని గుట్టు ఇచ్చినవాడిదే. చేయి మారినంత మాత్రాన హక్కు మారదు. ఈ తీర్పు మన రాష్ట్రం నుంచే పుట్టిందని మనలో ఎందరికి తెలుసు?

పదమూడేళ్ళ తరువాత అదే ధర్మం ఇంకా ఎత్తుకు వెళ్ళింది. దాన్ని తీసుకువెళ్ళినవాడు మనకు పొరుగువాడు. జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా చేసి, మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షుడిగా కూడా పనిచేసినవాడు. చట్టం లేకుండానే ఆధార్ నడుస్తోందని 2012లో, 86 ఏళ్ళ వయసులో, సుప్రీంకోర్టు గడప తొక్కాడు. ఆ వయసులో మనవాళ్ళు రచ్చకట్ట దిగి రారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత రాజ్యాంగం 21వ అధికరణం కాపాడే ప్రాథమిక హక్కని ప్రకటించారు. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణా జిల్లావాడు జాస్తి చలమేశ్వర్ ఉన్నాడు. 2023లో మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్ ఉన్నాడు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టులో ఆధార్ చట్టం నిలబడింది గానీ, ప్రైవేటు కంపెనీలు దాన్ని వాడుకోవడానికి దారి ఇచ్చిన 57వ సెక్షను కూలింది. పుట్టస్వామి 2024 అక్టోబరులో బెంగళూరులో కన్నుమూశాడు. ఏ పదవీ ఆశించని ముసలితనంలో ఆయన చేసిన పోరాటం ఫలం నీ బల్ల ముందు నిలబడ్డ అవ్వకు కూడా దక్కింది. ఆమెకు ఆ సంగతి తెలియదు, నీకు తెలియాలి.

నీకు ఇంత బోధించి, సర్కారును వదిలేస్తే నా మాటకు విలువ ఉండదు. ఉపాధి హామీ పథకం మొదలైంది మన పాత జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకం కింద పారదర్శకత కోసం పెట్టిన వెబ్‌సైట్లే తరువాత కూలీల గుట్టును వీధిన పడేశాయి. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, హైదరాబాదు పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి ఒక నివేదిక ఇచ్చారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో 13 కోట్ల దాకా ఆధార్ సంఖ్యలు, 10 కోట్ల దాకా బ్యాంకు ఖాతా సంఖ్యలు ఎవరైనా చూడగలిగేలా పడి ఉన్నాయని వాళ్ళ అంచనా. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. ఏడాది తిరక్కుండానే, 2018 ఏప్రిల్‌లో, రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షా ముప్పై నాలుగు వేలమంది ఆధార్ వివరాలు కులం, మతంతో సహా బయటపడ్డాయి. ఆధార్ సంఖ్యను బహిరంగంగా ప్రకటించకూడదని 2016 చట్టం 29వ సెక్షను చెబుతూనే ఉంది. మరి ఎవరు కోర్టుకు వెళ్ళాలి? 2019లో సవరించేదాకా ఆ చట్టం కింద ఫిర్యాదు చేసే అధికారం ఆధార్ ప్రాధికార సంస్థకు తప్ప ఇంకెవరికీ లేదు. సొమ్ము పోయినవాడు నోరు మూసుకోవలసి వచ్చేది, తాళం చెవి పెట్టుకున్నవాడే దొంగతనం గురించి ఫిర్యాదు చెయ్యవలసి వచ్చేది. ఇంతకన్నా వంకర ధర్మం నేను వినలేదు.

ఇలా అంటున్నానని కూలీల హాజరు పట్టీ అయిన మస్టరును గోడ మీద రాయడం కూడా తప్పంటున్నానని అనుకోకు. ఇక్కడ జాగ్రత్తగా విను, ఎందుకంటే గోప్యత పేరు చెప్పి దొంగలు దాక్కోవడం ఇప్పుడే మొదలైంది. సామాజిక తనిఖీలో ఊరంతా కూర్చోబెట్టి మస్టరు చదివి వినిపించడం మన రాష్ట్రంలో వేళ్ళూనుకున్న మంచి ఆనవాయితీ. చచ్చినవాడి పేరున పని చేయించిన మేటు, గుంత తవ్వకుండానే కొలతలు రాసిన ఇంజనీరు అక్కడే దొరికారు. హేమావతికి వెళ్ళి నొళంబ రాజులు వేయించిన శాసనాలు చూడు. ఏ పొలం ఎవరికి ధారపోశారో, దాని సరిహద్దులేవో రాతి మీద అందరికీ కనబడేలా చెక్కించారు. పాలకుడు ఏం చేశాడో పదిమందికీ తెలియాలి. పాలితుడి ఖాతా సంఖ్య, వేలిముద్ర, జబ్బు ఎవరికీ అక్కర్లేదు. కూలీ పేరు, చేసిన పనిదినాలు, ఇచ్చిన కూలి గోడ మీద ఉండాలి. ఆధార్ సంఖ్య ఉండకూడదు. గీత ఇంత స్పష్టంగా ఉంది. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 44వ సెక్షను సమాచార హక్కు చట్టాన్ని కూడా మార్చేసింది, 2025 నవంబరులో అది అమలులోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఇంతకుముందు ఆ మినహాయింపులోనే రాసి ఉండేది. ఇప్పుడు ఆ మాట అందులోంచి పోయింది. సమాచార హక్కు చట్టంలోని వేరే సెక్షను ఇంకా తలుపు కాస్త తెరిచి ఉంచింది, కానీ అది అధికారి విచక్షణ మీద ఆధారపడిన తలుపు. రేపు ఎవడో మస్టరు నకలు అడిగితే "అది వ్యక్తిగతం" అని నువ్వు తిప్పి పంపవచ్చు. అలా పంపకు. పేదవాడి రక్షణకు పుట్టిన హక్కును ఆఫీసరును మాటున దాచే తెరగా మార్చినవాడు రెండు ధర్మాలనూ చంపినవాడవుతాడు.

ఇక మడకశిర సబ్ రిజిస్ట్రారు ఆఫీసు సంగతి. 2001 నుంచి దస్తావేజుల మీద ఫోటోతోపాటు వేలిముద్ర వెయ్యడం చట్టం. ఆ దస్తావేజుల నకళ్ళు ఇంటర్నెట్లో పెట్టారు. తెలంగాణలో 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒకడు ఆ నకళ్ళలోని వేలిముద్రలను రబ్బరు ముద్రలుగా పోతపోసి వేలకొద్దీ సిమ్ములు చేయించాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా మన రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచే దస్తావేజులు దింపుకొని, ఆ ముద్రలతో ఖాతాలు ఖాళీ చేసింది. భూమి అమ్మినవాడు అమ్మిన పాపానికి బ్యాంకు సొమ్ము కూడా పోగొట్టుకున్నాడు. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు ఎలా మారుస్తాం? ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకోమని సలహా ఇస్తున్నారు. పట్నంలో ఉండి ఫోనుతో పనులు చేసుకునేవాడికి మంచి సలహానే. నెలనెలా వేలు పెడితే తప్ప బియ్యం రాని అవ్వకు ఆ తాళం ఎవరు తీస్తారు, ఎవరు వేస్తారు? మళ్ళీ నీ దగ్గరికే రావాలి. కాబట్టి ఆమెకు ఉన్న తాళం నీ మనస్సాక్షి ఒక్కటే, ప్రస్తుతానికి.

కుర్రవాళ్ళకు వేరే ఒక మాట. లోను యాప్‌లు మన ఇళ్ళలోకి వచ్చి ఎంతమంది ప్రాణాలు తీశాయో 2020 చివర హైదరాబాదు వార్తలతో మొదలుపెట్టి పత్రికల్లో చదివావు. అయిదువేలకు ఆశపడి "అనుమతించు" అని నొక్కినవాడు తన గుట్టు ఒక్కటే ఇవ్వలేదు. వాడి ఫోనులో ఉన్న మేనత్త నంబరు, మేస్టారి నంబరు, పెళ్ళి కావలసిన చెల్లెలి ఫోటో కూడా ఇచ్చాడు. వాళ్ళను అడిగాడా? రుణ యాప్‌లు ఫోనులోని నంబర్లు, ఫోటోలు తీసుకోరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో కట్టడి చేసింది. ఆ కట్టడి గుర్తింపు లేని యాప్‌ల దగ్గర పనిచెయ్యదు. నీ ఫోను పుస్తకం నిండా పరుల సొత్తే ఉంది, దాన్ని తాకట్టు పెట్టే హక్కు నీకు లేదు.

ఇంతకన్నా ఘోరం ఖాతా అద్దెకివ్వడం. "నీ పాసు పుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు, నెలకింత ఇస్తాం" అని వచ్చేవాడు దొంగసొమ్ము దాటించడానికి నీ పేరు కొనుక్కుంటున్నాడు. వేరే రాష్ట్రంలో ఏ రిటైరైన టీచరమ్మనో "డిజిటల్ అరెస్టు" అని బెదిరించి ఊడ్చిన డబ్బు నీ ఖాతాలో పడి పది నిమిషాల్లో మాయమవుతుంది. పోలీసులు ముందు నీ గడపే తొక్కుతారు, ఎందుకంటే కనబడే పేరు నీదే. ఆ దొంగల పంచన చేరితే ఏమవుతుందో 2024 మే నెలలో తేలింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్ళిన విశాఖ, శ్రీకాకుళం పిల్లల పాస్‌పోర్టులు లాక్కొని, గదుల్లో పెట్టి, మన దేశంవాళ్ళనే ఫోన్లో మోసం చేయించారు. ఆ పిల్లలు ఎదురు తిరిగి, మన రాయబార కార్యాలయం సాయంతో బయటపడ్డారు. వాళ్ళు దొంగలుగా పుట్టలేదు, పని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు. మన సీమ పిల్లలు కూడా పని వెతుక్కుంటూనే వెళతారు, అందుకే చెబుతున్నాను.

మోసం జరిగిపోయాక సిగ్గుపడి ఇంట్లో కూర్చునేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది, మోసపోయినవాళ్ళ మీద కాదు, వాళ్ళను చూసి నవ్వేవాళ్ళ మీద. అవ్వ డబ్బు పోయిందని వస్తే ముందు చీవాట్లు పెట్టకు. సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించు. సొమ్ము ఖాతా నుంచి ఖాతాకు పరుగెడుతూ ఉంటుంది, ఎంత త్వరగా చెబితే అంత మధ్యలో ఆపగలరు. బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పించు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తప్పు లేకుండా మూడో మనిషి వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవాడికి నష్టం సున్నా. పది పనిదినాల్లో ఆ మొత్తం ఖాతాలో వెయ్యాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చెయ్యవలసిన భారం బ్యాంకుదే. ఆమె తానే ఓటీపీ చెప్పి ఉంటే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయిన నష్టం ఆమెదే, ఆ తరువాతిది బ్యాంకుది. అందుకే ఒక్క పూట కూడా ఆగవద్దంటున్నాను.

మనకు మూడు దిక్కులా కర్ణాటక. సిమ్ము పావగడలో కొన్నది, ఖాతా హిందూపురంలో ఉన్నది, దొంగ జార్ఖండ్‌లో ఉన్నాడు, కేసు ఎక్కడ అని స్టేషనులో తిప్పుతారు. తిప్పనివ్వకు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోంది. నష్టపరిహారం కావాలంటే ప్రతి రాష్ట్రంలోనూ ఐటీ శాఖ కార్యదర్శే ఐటీ చట్టం కింద న్యాయాధికారి, అయిదు కోట్ల దాకా దావాలు విని తీర్పు చెప్పగలడు. ఆ గడప మన పల్లెలవాళ్ళు తొక్కినట్టు నేను వినలేదు.

2023 నాటి సమాచార రక్షణ చట్టం మీద నా తీర్పు కూడా చెప్పేస్తాను. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధానమైన విధులకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అంగీకారం అడిగే పత్రాన్ని ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు ఉండాలన్నది అందులోని మంచి మాట. ఆ విధులు అమలులోకి వచ్చాక మన అవ్వకు తెలుగులోనో కన్నడంలోనో అడగమని చెప్పే హక్కు ఉంటుంది. చెడు మాట ఏమిటంటే, జరిమానా ఎంత పడినా అది కేంద్రం ఖజానాకు పోతుంది, గుట్టు రట్టయినవాడికి పైసా రాదు. కంపెనీ నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఏ సెక్షనునే ఈ చట్టం తీసేస్తోంది. ఆ పాత సెక్షనైనా ప్రభుత్వ శాఖలను ముట్టుకోలేదు. కొత్తది ముట్టుకుంటుంది గానీ, కేంద్రం కోరుకున్న సంస్థలకు మినహాయింపు ఇచ్చే తలుపు తెరిచే పెట్టుకుంది. ఉపనిధి పాడుచేసినవాడు యజమానికి తిరిగి ఇవ్వాలన్న పాత ధర్మానికి ఇది తగ్గు. శాసనకర్తలు దీన్ని దిద్దుకోవాలి, మన ఎమ్మెల్యేనూ ఎంపీనీ ఊళ్ళోకి వచ్చినప్పుడు ఈ ముక్క అడగాలి.

చట్టం దిద్దుకునేదాకా నీ బల్ల దగ్గర నువ్వు చెయ్యగలిగింది కొంత ఉంది, నాయనా. డబ్బు తీసిచ్చిన ప్రతిసారీ అవ్వ అడగకపోయినా రసీదు చేతికివ్వు, తెర ఆమె వైపు తిప్పి అంకె చదివి వినిపించు. పని అయిపోయిన ఆధార్ జిరాక్సును ఆమె కళ్ళముందే చించు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడే ఆధార్ కాగితం సరిపోయే చోట అదే తీసివ్వు. నీ లాగిన్ ఇంకెవరి చేతికీ ఇవ్వకు, అన్న అడిగినా, ఆఫీసరు అడిగినా. ఇవాళ సాయంత్రం ఆ బల్ల కింది అట్టపెట్టె బయటికి తీసి ఖాళీ చెయ్యి. వచ్చే ఒకటో తారీఖు పింఛన్ల లోపల 1930 అన్న అంకెను తెలుగులోనూ కన్నడంలోనూ నీ గోడ మీద పెద్దక్షరాలతో రాయించు.